దాచిన కోన దక్కునా?

"ఈ చోటునకు దారి పత్రికలో వ్రాయకుడు" అని నా మిత్రుడు నన్ను హెచ్చరించెను. నేను వ్రాయుటకే నిశ్చయించుకొంటిని. ఆ హెచ్చరికలో సద్బుద్ధి కొంత కలదు. కాని దానిని మించిన యవివేకమును కలదు. ఆ యవివేకము నా మిత్రుని యొక్కనిది గాదు. ప్రకృతిని ప్రేమింతుమని చెప్పుకొను విద్యావంతులలో నానాటికి వ్యాపించుచున్న యొక మతము. అందమైన చోటు పదుగురకు దెలిసిన చెడిపోవును. కావున దెలిసినవారు నోరు మూసికొనుటయే దానికి రక్షయని యా మతస్థులు చెప్పుదురు. ఈ మాట యొప్పుకొనదగినది గాదని చూపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా చోటెట్టిదో చెప్పవలయును. స్పెయినుదేశపు టుత్తరతీరమున, ఫ్రాన్సు సరిహద్దునకు జేరువగా, బిస్కే యఖాతపు టొడ్డున బాస్కు జాతివారి సీమ కలదు. వారి భాష యిరుగుపొరుగు భాషలలో దేనికిని చుట్టము గాదు. ఆ సీమలోని గిపుస్కోవా మండలమున, దేబా, సుమాయా అను రెండు తీరపట్టణముల నడుమ, సకోనేటా యను చిన్న రాతికోన యున్నది. పచ్చికబయళ్ల మీదుగా కాలినడకను దిగవలయును. అచట అంగడి లేదు, నీడ లేదు, చాప పరచుకొని కూర్చుండదగినంత యిసుకయు లేదు. బిల్బావో నగరమున నుద్యోగము చేయుచున్న యాంధ్రమిత్రుడు నన్నచటికి దోడ్కొనిపోయెను.

మేము దిగునప్పటికి సముద్రము వెనుకకు దీసియుండెను. ఆ తీరమున పోటును పాటును దినమునకు రెండేసి మారులు వచ్చును. పున్నమికిని అమావాస్యకును దాపుగా ఆ రెంటికిని నడుమ నీటిమట్టము నాలుగు మీటర్లకు మించియు మారును. నీరు తీసినంతనే కోన యడుగంతయు బయటపడినది. దున్నిన పొలమున చాళ్లవలె రాతిపొరలు బారులుదీరి సముద్రములోనికి సాగియున్నవి. ఒక పొర గట్టిది, దాని ప్రక్కది మెత్తనిది. మరల గట్టిది, మరల మెత్తనిది. పూర్వము లోతైన సముద్రపుటడుగున ఒండ్రు దిగి దిగి గట్టిపడిన పొరలివి. పిరెనీసు పర్వతములను లేపిన భూచలనమే వీనిని వంచి, యొరగించి, పైకి దెచ్చినది. తరువాత అలలు మెత్తనిదానిని దినివేయగా గట్టిది వెన్నెముకవలె మిగిలినది. దీనిని శాస్త్రజ్ఞులు 'ఫ్లిష్' అందురు. ముత్రికూ మొదలు సుమాయా వరకు గల యీ తీరమున అయిదుకోట్ల యేండ్లకు మించిన భూమిచరిత్ర పుటలవలె వరుసగా నున్నది.

ఆ పుటలలో ఒకటి లోకప్రసిద్ధము. సుమాయా చెంతనున్న కొండచరియలో 6.6 కోట్ల యేండ్ల క్రిందటి పలుచని నల్లమట్టిపొర కలదు. ఆకాశమునుండి యొక మహాశిల వచ్చి భూమిని దాకినప్పుడు, రాక్షసబల్లులతో గూడ ననేక జీవజాతులు నశించిన కాలమున నేర్పడిన పొర యది. భూమిమీద నరుదైన ఇరిడియమను లోహము అందధికముగా నుండుట యా యుత్పాతమునకు సాక్ష్యము. అదే పట్టణపు ఇట్సురున్ తీరమున నున్న రెండు పొరలను, భూచరిత్రలోని రెండు యుగముల యారంభమునకు సర్వలోకమునకును బ్రమాణములుగా 2008లో శాస్త్రజ్ఞుల యంతర్జాతీయసంఘము స్వీకరించినది. మేము నిలిచిన కోన యీ గ్రంథములోనిదే.

ఇట్టి చోట నిలిచి నా మిత్రుడు తన మతమును బోధించెను. అతని వాదమును దాని బలముతోనే చెప్పెదను. ఇదే సీమలో గస్తెలుగాచె యను చిన్నదీవి కలదు. దాని శిఖరముననున్న గుడికి 241 మెట్లు. దూరదర్శనమున జగత్ప్రసిద్ధి గాంచిన యొక కల్పితకథలో 2017లో ఆ దీవి రాజదుర్గముగా గనబడెను. అంతట దేశదేశముల జనము విరుగబడినది. "ఆ గతియే దీనికిని బట్టవలయునా?" యని యతడడిగెను. "ఈ రాతిగుంటల నీటిలో చిన్న చిన్న జీవములు పాటు కాలమంతయు దాగి బ్రదుకుచున్నవి. వేయిమంది చెప్పుకాళ్లతో ద్రొక్కిన నవి మిగులునా? ఒక్కొక్కడొక రాతిముక్క జేబున వేసికొనిన పుట మిగులునా?"

ప్రశ్న న్యాయమైనదే. కాని యతడు చెప్పిన నివారణము మాత్రము రోగమునకు దగినది గాదు.

మొదటి మాట. చోటును దాచువారు ఎవరినుండి దాచుచున్నారు? తమనుండి దాచుకొనుట లేదు. తమ స్నేహితులనుండియు దాచుట లేదు. నన్ను గొనివచ్చిన మిత్రుడే యిందుకు సాక్షి. వాహనమును, తీరికయు, పరిచయములును గలవారి నడుమ రహస్యము చెవినుండి చెవికి హాయిగా బోవుచునే యుండును. వారమున కొక్కదినము మాత్రము సెలవు దొరకు కూలివాని యింటికే యది చేరదు. అయినచో దీనిని ప్రకృతిరక్షణ మనుట యెట్లు? పదుగురు చేదిన బావి మైలపడునని వాదించినవారిని మన పెద్దలు నిలదీసిరి. ఆ బావికిని ఈ కోనకును భేదము లేదనను. బావివద్ద మైల కల్పితము. కోనవద్ద హాని నిజము. కాని 'వారు వచ్చిన చెడును, మేము వచ్చిన చెడదు' అను అహంకారము రెండుచోట్లను ఒక్కటే. స్పెయిను రాజ్యాంగము (1978) తీరములును సాగరములును ప్రజల యుమ్మడిసొత్తని స్పష్టముగా బలికినది. 1988 నాటి తీరశాసనము దానిని మరింత గట్టిపరచినది. శాసనము అందరిదన్న దానిని కొందరు గుసగుసలతో తమదిగా జేసికొనుట యెట్టి ధర్మము?

రెండవ మాట యింతకంటె ముఖ్యము. మరుగు రక్ష యనుటయే యబద్ధము. ఇందుకు దృష్టాంతము వెదుక దూరము పోనక్కరలేదు. ఇదే బాస్కుతీరమున, పడమటనున్న బిస్కాయా మండలములో, లెమోయిస్ గ్రామపు హద్దులలో బసోర్దాస్ అను మరియొక కోన కలదు. కొండల నడుమ నొదిగిన చిన్నచోటు. 1972లో అచట రెండు యంత్రములతో అణువిద్యుత్కేంద్రమును గట్ట నారంభించిరి. అట్టి కేంద్రమునకు గావలసినదేమి? చల్లార్చుటకు సముద్రజలము, అడ్డుచెప్పు నిండ్లు తక్కువగానున్న చోటు. ఏ యేకాంతమును మన రసికులు రక్షయని కొనియాడుదురో, ఆ యేకాంతమే యచట యోగ్యతాపత్రమైనది! అప్పుడు ఫ్రాంకో నియంతృత్వము. ప్రజలనడుగు నాచారమే లేదు. కోన నోటికడ్డముగా కాంక్రీటుగోడ లేచెను. అల వచ్చిపోవు చోట కట్టడములు నిలిచెను.

నియంత 1975లో గతించిన పిమ్మట ప్రజలు నోరు విప్పిరి. 1977లో బిల్బావో వీధులలో లక్షకు పైబడిన జనము నడిచి యీ కేంద్రము వలదనిరి. కాని మాట యాలస్యముగా వచ్చినచోట హింస ముందు వచ్చి కూర్చుండును. ఎటా యను సాయుధసంస్థ 1978లో అచట బాంబు పెట్టగా ఇద్దరు పనివారు మరణించిరి, 1979లో మరియొకడు. ఆ 1979లోనే తుదేలా పట్టణమున నణువిద్యుత్తునకు ప్రతికూలముగా గూడిన జనములోని యొక యువతి రాజభటుని తుపాకికి బలియయ్యెను. 1981లో నొకరిని, 1982లో మరియొకరిని, ఆ కేంద్రపు ముఖ్యులగు నింజనీర్లను ఎటావారు చంపిరి. కోనను రక్షించుటకని కూలివానిని జంపుట యే ధర్మమునను రక్షణ గాదు. 1984లో ప్రభుత్వము పని నిలిపినది. 1994 శాసనముతో నది శాశ్వతముగా ముగిసినది. ఒక్క దీపమైనను వెలుగలేదు. ఇట్లు నిలిచిపోయిన కేంద్రముల యప్పును స్పెయిను గృహస్థులు తమ విద్యుత్తు చీటీలలో 2015 వరకు దీర్చిరి. కోన మాత్రము మరల రాలేదు. ఆ కాంక్రీటు నేటికిని సముద్రమున కెదురుగా నిలిచియున్నది.

చదువరులారా, ఇంకొక సంగతి వినుడు. ఆ కాలముననే దేబా తీరమునను, అనగా నేను నిలిచిన కోన యున్న తీరముననే, మరియొక అణుకేంద్రమును గట్టవలెనని యాలోచన పుట్టినది. అది కాగితము దాటి రాలేదు. దాటి వచ్చినచో నేను లెక్కించిన రాతిపొరల గతి యేమయ్యెడిది? మా మిత్రుని మౌనవ్రతము దానిని నిలిపియుండెడిదా? దెలియనిచోటు పోయినప్పుడు ఏడ్చువాడుండడు. చూచినవాడు గదా యడ్డుపడును. చదివినవాడు గదా వ్రాయును. నడిచినవాడు గదా యోటు వేయునప్పుడు జ్ఞాపకముంచుకొనును!

అటుపిమ్మట ఈ తీరమునకు గలిగిన రక్ష యెట్టిది? 2009లో బాస్కుప్రభుత్వము దేబా సుమాయాల నడుమ తీరమును రక్షితప్రదేశముగా బ్రకటించినది. ముత్రికూ, దేబా, సుమాయా మూడును గలిసిన భూగర్భోద్యానము 2015లో యునెస్కో గుర్తింపు బొందినది. అచట జనులకు రాతిని చదువ నేర్పుదురు. వ్యాఖ్యాతలు వెంటబోయి పొరలను జూపుదురు. దాచుటవలన వచ్చిన రక్ష గాదిది, చెప్పుటవలన వచ్చినది.

మరి త్రొక్కిడి మాట? గస్తెలుగాచెయే దానికి సమాధానము. నా మిత్రుడు సగము కథ చెప్పి నిలిపినాడు. జనము విరుగబడినప్పుడు అచటివారు దీవిని దాచలేదు, ధనికులకు వేలము వేయలేదు. రద్దీదినములలో ముందుగా పేరు నమోదు చేసికొన్నవారికే, ఇంతమందికే, ప్రవేశమని నియమించిరి. చీటీకి వెల లేదు. కూలియు కోటీశ్వరుడును ఒకే వరుస! మరుగునకు బదులు మితము. గుసగుసకు బదులు నియమము. ఇదిగదా నాగరకుల పద్ధతి. సకోనేటాకు రేపు జనము హెచ్చినచో అట్టి నియమమే చేయవచ్చును. అంతవరకు పోవువాడు తానే నియమము పాటింపవలయును. పోటుపాటుల పట్టిక చూడక దిగరాదు. నీరు మరలివచ్చునప్పుడు కొండకును కెరటమునకును నడుమ చిక్కువానికి దారి యుండదు. రాతిముక్క నొకదానిని గూడ దేరాదు. గుంటలలోని జీవములను దాకరాదు. సుత్తి యింటనే యుండవలయును. తన చెత్త తనతోనే తిరిగి రావలయును. ఇవి పాటింపలేనివాడు దారి తెలిసినను పోవుటకు దగడు. పాటించువానినుండి దారి దాచుటకు మనకు హక్కు లేదు.

ఈ మాటలన్నియు నచటనే నా మిత్రునితో జెప్పితిని. అతడు తల యూపలేదు, కాదనలేదు. అంతలో నీరు మరల నెక్కసాగినది. దూరపు చాళ్లు ఒక్కటొక్కటిగా మునుగుచుండగా మేము బాట పట్టి పైకెక్కితిమి. పచ్చికలో నిలిచి వెనుదిరిగి చూచితిమి. పొరలన్నియు నీటిక్రింద బోయినవి. కోన యుండినచోట ఉత్త సముద్రము కనబడినది. "ఇపుడు వచ్చినవాడు ఇచట నేమున్నదో యెన్నటికిని ఎరుగడు" అని మిత్రుడు తనలో ననుకొన్నట్లు పలికెను. చెప్పువాడు లేకున్న నెరుగడని నేనంటిని.

కావున జెప్పుచున్నాను. దేబాకు జెందిన ఎలొర్రియాగా యను పల్లె చేరవలయును. అచటినుండి కాలిబాట పచ్చికబయళ్లగుండ సముద్రమువైపు దిగును. నీరు తీయు వేళకు దిగుడు. నీరు మరలకమున్నే యెక్కుడు.