కొస కోసేదెవరు?

మగవాళ్లు "పని అయిపోయింది" అన్న చోట ఆడవాళ్ల పని మొదలవుతుందని నాకు చిరకాలంగా ఓ అనుమానం. ఈమధ్య అది రుజువైంది. రుజువు చేసింది ఓ బెత్తెడు ప్లాస్టిక్ ముక్క.

విజయనగరంలో మా ఇంటికి వైరింగు మార్పించాం. వచ్చిన అబ్బాయి పనిమంతుడే. టీవీ వెనకా, మోటారు దగ్గరా, వంటింట్లో వాటర్ ఫిల్టరు పక్కనా పాముల్లా పొర్లాడే తీగలన్నిటినీ పొందిగ్గా కట్టలు కట్టాడు. తాడుతో కాదు, తెల్లటి కేబుల్ టైలతో. అతను వాటిని 'ట్యాగులు' అంటాడు. కొసను కన్నంలో దూర్చి లాగితే కర్రుమని బిగుసుకుంటుంది. మళ్లీ వెనక్కి రాదు. మిగిలిన కొసను కటింగ్ ప్లేయరుతో ఏటవాలుగా టక్కున తుంచేసి, డబ్బులు పుచ్చుకుని వెళ్లిపోయాడు. "చూశావా, ఎంత నీటుగా ఉందో!" అని మావారు మూడుసార్లన్నారు.

నాలుగోనాడు మా పనమ్మాయి మోటారు గోడ తుడుస్తూ "అబ్బ!" అంది. మణికట్టు నించి మోచేతి దాకా ఎర్రటి గీత. "ఏటి కాదమ్మగోరూ, గీసుకుపోనాది" అని కొంగుతో అద్దుకుంది. మర్నాడు టీవీ వెనక బూజు దులుపుతూ నా వంతు. వంగి చూద్దును గదా, తుంచిన ప్రతి టైకీ బియ్యపు గింజంత కొస మిగిలుంది. నైలాను ఏటవాలుగా తెగితే అది బ్లేడుకి స్వయానా తమ్ముడు.

ఆ అబ్బాయిని పిలిచి చూపిస్తే నవ్వాడు. "ఇంత దానికేటండి మేడమ్! చూసుకుని తుడుచుకోవాల."

అదండీ సంగతి. కొస వదిలినవాడు చూసుకోనక్కర్లేదు. తుడిచే మనిషి చూసుకోవాలి! నా పోట్లాట ఆ అబ్బాయితో కాదు, ఆ మాటతో.

ఈ టై ఎందుకు పుట్టిందో తెలుసా? 1956లో మారస్ లోగన్ అనే ఆయన అమెరికాలో బోయింగ్ విమానాల ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లాడు. థామస్ అండ్ బెట్స్ అనే కంపెనీలో ఉద్యోగి. అక్కడ వేలకొద్దీ తీగల్ని మైనం పట్టించిన నైలాను దారంతో చేత్తోనే ముడులు వేసి కడుతున్నారు. ఆ దారం లాగి లాగి పనివాళ్ల వేళ్లు కోసుకుపోతున్నాయి, కాయలు కాస్తున్నాయి. అది చూసి, రెండేళ్లు తంటాలు పడి, 1958లో ఈ టైకి పేటెంటు కోరాడాయన. చేతులు కోసుకుపోకుండా కాయడానికి పుట్టిన వస్తువు, మనింటికొచ్చి చేతులు కోస్తోందన్నమాట!

దోషం టైది కాదు. దాని జోడీ మనింటికి రాలేదు, అంతే. పిస్తోలు ఆకారంలో ఓ చేతి పనిముట్టు ఉంది. మీట నొక్కితే టైని లాగుతుంది. ఎంత బిగువు కావాలో ముందే తిప్పి పెట్టుకోవచ్చు. అంత బిగువూ రాగానే కొసను తలకంటా తనే కోసేస్తుంది. తీగ తొడుగూ నలగదు, మనిషి చెయ్యీ తెగదు. కొన్ని ఫ్యాక్టరీల్లో ఇంకో మెట్టు పైన యంత్రాలున్నాయి. టైని తామే అందించి, చుట్టి, బిగించి, కోసి, తెగిన ముక్కను కూడా డబ్బాలో వేసుకుంటాయి. మొత్తం ఓ సెకను పని. అంటే విమానం తీగల్ని ముట్టుకునే చేతికి విలువుంది. మన గోడ తుడిచే చేతికి లేదు.

"అందుకే పాతకాలం తాడే మేలమ్మా" అంటారు కొందరు పెద్దలు. వారితోనూ నాకు పేచీయే. గోగు పండించి, చెరువులో ఊరబెట్టి నార తీసిన జిల్లాలు మావి. నెల్లిమర్ల జూట్ మిల్లు మాకు కూతవేటు దూరం. తాడు విలువ మాకెవరూ చెప్పనక్కర్లేదు. ముడి విప్పి మళ్లీ వాడుకోవచ్చునన్న మాటా నిజమే. కానీ నూతి చేంతాడు లాగి లాగి బండబారిన మా అమ్మమ్మ అరచేతులు నాకింకా గుర్తు. తాడును పొగిడేవాళ్లలో చేంతాడు లాగినవాళ్లు ఒక్కరూ కనబడరు!

"ఆ పనిముట్టు ఖరీదెవడు పెడతాడు?" అనేది మరో ప్రశ్న. చేత్తో నొక్కే మామూలు రకం కొన్ని వందల రూపాయలకే వస్తుంది. వేలు పోసి డ్రిల్లింగ్ మిషను కొన్నవాడికి ఇదో లెక్కా? అసలు రహస్యం వేరే ఉంది. డ్రిల్లు మిగిల్చేది తన ఒంటి శ్రమ. ఇది మిగిల్చేది ఎదుటివాళ్ల ఒంటి చర్మం. అందుకే ఇది 'దండగ' అయింది.

ఇదేదో ఒక్క గోడకు పరిమితమైన గోల కాదు. పెళ్లిపందిళ్లకీ, పిల్లల సైకిళ్లకీ, మేడ మీది పూలకుండీలకీ అన్నిటికీ ఇవే టైలు. కొన్ని సరిగ్గా పసివాళ్ల చెంపల ఎత్తున!

మొన్న ఆ అబ్బాయి ఫ్యాను బిగించడానికి మళ్లీ వచ్చాడు. బిగించాడు, తీగ కట్టాడు, కొస తుంచాడు, డబ్బుల కోసం నిలబడ్డాడు. "ఇస్తాను బాబూ, ముందు ఓసారి ఆ తీగంతా నీ చేత్తో తుడిచి చూపించు" అన్నాను, తడిగుడ్డ అందిస్తూ. నవ్వుతూనే తుడవబోయాడు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఓ నిమిషం ఊరుకుని, "గోళ్లు తీసుకునే కత్తెరుందేటండి మేడమ్?" అన్నాడు.

ఉంది. ఇచ్చాను. కొసలన్నీ తలకంటా కొరికాడు. డబ్బులు ఆ తరవాతే ఇచ్చాను.