బోల్టు మోసే బరువు ఎంత?

ఖరగ్‌పూర్ అనగానే మన తెలుగువారికి బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి వలసలు గుర్తుకు వస్తాయి. నేడు ఆ రైల్వే పట్టణానికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు తోడైంది. టాటా హిటాచి వారి ఎక్స్‌కవేటర్లు తయారయ్యేదీ ఖరగ్‌పూర్‌లోనే. ఎక్స్‌కవేటర్ పైభాగం గుండ్రంగా తిరిగేందుకు ఆధారమైన స్లూయింగ్ బేరింగును పట్టి ఉంచేవి వలయాకారంగా అమర్చిన బోల్టులు. బకెట్టు మట్టిని పెకలించిన ప్రతిసారీ ఒక వైపు బోల్టులపై లాగుడు పడుతుంది. ఒకటి తెగితే మనవారు మొదట అడిగేది ‘ఇంతకంటె గట్టి బోల్టు దొరకదా?’ అని. ఎంత బిగించారని మేము అడుగుతాము.

సులువైన లెక్క చూద్దాం. స్లూయింగ్ బోల్టులు సాధారణంగా ఇంకా పై శ్రేణివి. లెక్క తీరు మాత్రం ఒకటే. 8.8 శ్రేణి ఎం20 బోల్టు, పలకల మందం 50 మి.మీ., త్రెడ్డు వద్ద వైశాల్యం 245 చదరపు మి.మీ., ప్రూఫ్ భారం 147 కిలోన్యూటన్లు. అందులో ముప్పాతిక, అనగా 110 కిలోన్యూటన్లు వచ్చేలా బిగించామనుకుందాం. బోల్టు దృఢత్వం మిల్లీమీటరుకు సుమారు 1000 కిలోన్యూటన్లు. పలకలది దానికి నాలుగు రెట్లనుకుందాం. బయటి నుండి 40 కిలోన్యూటన్ల లాగుడు పడితే బోల్టుకు అదనంగా చేరేది ఐదవ వంతు, 8 మాత్రమే. మిగిలిన 32 పలకల మధ్య ఒత్తిడిని తగ్గించడంలో సరిపోతుంది. బోల్టులో 118, పలకల మధ్య 78.

అదే బోల్టు వదులుగా ఉంటే 40 మొత్తం దానిపైనే. 147 మోయగల బోల్టుకు అదొక లెక్కా అనిపిస్తుంది! కాని లక్షల సార్లు పడితే లోహం అలసిపోతుంది. బిగించినప్పుడు ప్రతిబలపు ఊగిసలాట ఇటూ అటూ 16 మెగాపాస్కళ్ళు; వదులైతే 82. ఈ పరిమాణపు త్రెడ్డు చిరకాలం ఓర్చుకొనేది 45 ప్రాంతంలోనే. 10.9 శ్రేణి బోల్టు వేసినా ఈ హద్దు పెద్దగా పెరగదు, దృఢత్వమూ పెరగదు. మరింత బిగించే వీలు కలగడమే దాని లాభం. పాత టార్కుతోనే బిగిస్తే అదీ దక్కదు.

టార్కు రెంచిని గుడ్డిగా నమ్మరాదు. దాని శ్రమలో సుమారు పదవ వంతే బోల్టును సాగదీస్తుంది, తక్కినది ఘర్షణ పాలు. పొడి త్రెడ్డుకు గుణకం 0.2 అయితే మన బోల్టుకు 440 న్యూటన్ మీటర్లు కావాలి. నూనె రాయగా గుణకం 0.15కు దిగితే, అదే 440తో బోల్టు ఏకంగా 147కు చేరుతుంది.

ఇంతా చేసి బోల్టు సాగేది 0.11 మి.మీ. మాత్రమే. నడుమ రంగు పొర నలిగి 0.02 మి.మీ. కుంగిందా, 16 కిలోన్యూటన్లు పోయినట్లే. స్లీవు వేసి పొడవైన బోల్టు వాడేది ఇందుకే: పొడవు రెట్టింపైతే సాగుడూ రెట్టింపై, నష్టం సుమారు సగానికి తగ్గుతుంది. కొత్త జోడింపును కొన్ని గంటలు పని చేయించాక బిగువు మళ్ళీ సరిచూడమనేదీ ఈ కుంగుబాటు గురించే.