ముందు కిటికీని చూడండి, తరువాతే మొక్క

గత వర్షాకాలంలో ఇంటి ముందుకు వచ్చిన తోపుడుబండి వద్ద మేము ఒక క్రోటన్ మొక్కను కొన్నాము. ఎరుపు, పసుపు కలగలిసిన ఆ ఆకులను చూసి ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. దానిని హాలులో సోఫా ప్రక్కన ఉంచాము. నెల తిరగకముందే క్రింది ఆకులు ఒక్కొక్కటే రాలిపోయాయి. కొత్త చిగుళ్లు రంగు లేక వెలవెలబోయాయి. నీరు చాలడం లేదేమోనని మరింత పోశాము. వేరు కుళ్లి చనిపోయింది. అమ్మినవాని దోషమేమీ లేదు. మా హాలు కిటికీకి నాలుగడుగుల దూరంలోనే ప్రక్క భవనపు గోడ ఉన్నది. వెలుతురు కోరే మొక్కను చీకటి మూలన నిలిపి, ఆ లోటును నీటితో తీర్చబోయాము.

నేడు పట్టణాలలో మనలో చాలామందివి ఇటువంటి ఇళ్లే. కనుక కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మొక్కను ఉంచదలచిన చోట మిట్టమధ్యాహ్నం ఒక తెల్ల కాగితం పరచి, దానిపై జానెడు ఎత్తున అరచేయి పట్టండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే అక్కడ క్రోటన్ వంటివి రంగు నిలుపుకుంటాయి. నీడ మసకగా ఉంటే మనీప్లాంట్, స్పైడర్ ప్లాంట్ పెరుగుతాయి. నీడ లీలగా మాత్రమే తోస్తే స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ ఓర్చుకుంటాయి. ఓర్చుకుంటాయే తప్ప ఏపుగా పెరగవు. అసలు నీడే పడకపోతే ఆ మూలను ఖాళీగా వదలడమే మేలు. మల్లె, గోరింటాకు, కరివేపాకు నేరుగా ఎండ తగిలే బాల్కనీలోనే బాగుంటాయి.

ఇక, నీరు పోసేదెవరు? పండుగకు పది రోజులు ఊరు వెళ్లే కుటుంబం పుదీనా కుండీని నమ్ముకుంటే తిరిగి వచ్చేసరికి ఎండుపుల్లలే మిగులుతాయి. స్నేక్ ప్లాంట్ తన దళసరి ఆకులలో, జెడ్‌జెడ్ ప్లాంట్ మట్టిలోని దుంపలలో నీటిని దాచుకుంటాయి. అవి ఆ పది రోజులనూ లెక్కచేయవు. ఇంట్లో పెట్టే మొక్కలు చాలావరకు దాహంతో కన్నా అధికమైన నీటితోనే చనిపోతాయి. ఫజ్ర్ నమాజు తరువాత మట్టిలోకి రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడడం మేము అలవాటు చేసుకున్నాము. తడి తగిలితే ఆ రోజు నీరు పోయము.

ప్రాకే బిడ్డ ఉన్న ఇంట ఈ ఎంపిక అలంకరణకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మా బంధువుల ఇంట పది నెలల పాప డిఫెన్‌బేకియా ఆకును కొరికింది. క్షణాలలో పెదవులు వాచి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఆకులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదులవలె ఉంటాయి. పచ్చి చేమదుంప గొంతులో దురద పెట్టేదీ వీటివల్లనే. ఆ రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. మనీప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ కూడా అందులోనివే. అలా జరిగితే నోటిలోని ముక్కలను తడిగుడ్డతో తీసివేసి, వాంతి చేయించే ప్రయత్నం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ఆ పాప మరునాటికి కోలుకున్నది. గన్నేరు మాత్రం నిలువెల్లా విషమే. దానిని పిల్లలున్న ఇంటి దరిదాపులకు రానీయవద్దు. స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ విషయంలో ఈ భయం లేదు.

కుండీ క్రింది పళ్లెంలో నిలిచిన నీటినీ, మనీప్లాంట్ సీసాలోని నీటినీ వారానికొకసారి తప్పక పారబోయాలి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నీటి అంచులలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పళ్లెం లోపలి అంచును రుద్ది కడగాలి, ఎందుకంటే నీరు పారబోసినా గుడ్లు అక్కడే అంటుకొని ఉంటాయి.

మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయని చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవారున్నారు. ఆ మాటకు మూలం 1989లో నాసా మూసివేసిన చిన్న గదులలో జరిపిన ప్రయోగాలు. మామూలు భవనాలలో గాలి వచ్చిపోవడం వల్ల కలిగేంత ఫలితం మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలుండాలని 2019లో ప్రచురితమైన ఒక సమీక్ష లెక్కగట్టింది. అన్ని మొక్కల మధ్య మనకు కూర్చోవడానికి చోటుండదు! స్వచ్ఛమైన గాలికి కిటికీ తెరిస్తే చాలును.

మా హాలులోని ఆ మూలన ఇప్పుడు పుస్తకాల అలమర ఉన్నది. వంటగది కిటికీలో ఉదయం మూడు గంటలపాటు ఎండ పడుతుందని ఆలస్యంగా గమనించాము. బజారు నుండి తెచ్చిన పుదీనా కట్టలోని నాలుగు కాడలను గ్లాసు నీటిలో ఉంచితే వారంలో వేళ్లు వచ్చాయి. వాటిని నాటిన కుండీ నుండే గత శుక్రవారం బిర్యానీకి ఆకు కోశాము. ఊరు వెళ్లినప్పుడు ఆ కుండీ ప్రక్కింటివారి కిటికీలోకి మారుతుంది.