పాత రంపపు మిషను

సోదరీమణులారా! గతమాసమున ఈ శీర్షిక క్రింద కుట్టుమిషనుకు నూనె వేయు విధము వ్రాసితిని. దానిని చదివిన యొక సోదరి, "మా యింట పాత రంపపు మిషనొకటి మూలబడియున్నది. మావారు దానిని బాగుచేసి వాడుకొందమనుచున్నారు. ఇది ఆడువారు తెలిసికొనదగిన సంగతియేనా?" అని అడిగినారు. తప్పక తెలిసికొనదగినదే. పనిముట్టు పురుషుని చేతిలో నున్నను, దానివలన కలుగు మేలుగాని కీడుగాని యింటిల్లిపాదికిని చెందును గదా!

పట్టణములలో చైన్‌సా అనియు, పల్లెలలో చెట్లు కోసే మిషననియు పిలుచునది యిదియే. చిన్న పెట్రోలు ఇంజను, దాని ముందు పొడవైన యినుప పలక, ఆ పలక యంచు వెంబడి పరుగిడు పండ్లగొలుసు, ఇంతియే దీని రూపము. దీని పుట్టుక విన్నచో మీకు వింత తోచును. 18వ శతాబ్దము చివర స్కాట్లండులో జాన్ అయిట్కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులు ఎముకలు కోయుటకై చేతితో లాగు సన్నని గొలుసురంపమును రూపొందించిరి. కష్టప్రసవములలో తల్లి కటియెముకల సంధిని కోసి బిడ్డకు దారి చేయుట దాని యుద్దేశములలో నొకటి. చెట్లు కోయు యంత్రము తరువాతి మాట. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడుచుదానిని, ఎమిల్ లెర్ప్ 1927లో పెట్రోలుతో నడుచుదానిని చేసిరి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అనునతడు, మొద్దును అటునిటు తొలుచుచున్న పురుగు దవడలను పరిశీలించి, ఆ తీరున గొలుసు పండ్లను మలచెను. నేటి గొలుసులకు అదియే మూలము.

ఇక మన యింటి మాటకు వచ్చెదను. మా చెల్లెలి యత్తవారిది శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు, ఆ ప్రాంతపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. బిడ్డలవలె పెంచుకొన్న చెట్లు పడియుండగా చూచి యేడ్చుట కైనను తీరిక లేదు. మానులను కోసి తొలగించిననేగాని క్రొత్త మొక్క నాటుటకు వీలులేదు. కోయు మిషన్లకు గిరాకి హెచ్చెను. మా మరిది యెవరియొద్దనో మూలబడిన పాతదానిని చౌకకు కొనితెచ్చెను. నేను చూడబోవునప్పటికి అది ముక్కముక్కలై వసారాలో గోనెపట్టాపై పరచియున్నది.

విప్పుటకు ముందే అతడొక పరీక్ష చేసెనట. ప్లగ్గు తీగ ఊడదీసి, గొలుసు తొలగించి, లాగుడుతాడు పిడిని పట్టుకొని మిషనును వ్రేలాడనిచ్చెను. లోపల పిస్టను బిగువుగానున్నచో మిషను ఆగియాగి దిగవలెను. ఇదియో, తాడు తెగిన చేద బావిలో పడినట్లు జర్రున జారెను. సైలెన్సరు విప్పి లోనికి చూడగా పిస్టనుపై నిలువుగీతలు కానవచ్చెను. క్రొత్త పిస్టను, రింగులు, సిలిండరు తెచ్చి వేసినచో సరిపోవునని అతని తలంపు.

పలాసలో మోటారు పని చేయు వృద్ధుడొకడు దానిని చూచి, "బాబూ, ఇది ఎందుకు గీసుకుపోయిందో తెలుసుకోకుండా కొత్తది వేస్తే, అదీ నెలకే ఈ దారిన పోతుంది" అని చెప్పెను. ఈ మాట యెంత విలువైనదో చూడుడు. ఈ జాతి ఇంజనుకు లోపల వేరుగా నూనెతొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దానికి ఆధారము. నూనె కలుపక పోసినను, ఇరుసునకు రెండువైపుల నుండు రబ్బరు సీళ్లు ఎండి గాలి లోనికి చొరబడినను, తడి చాలక పిస్టను కాగి గీసుకొనును. కావున ఆ వృద్ధుడు ద్వారములన్నియు మూసి, లోనికి గాలి కొట్టి, సబ్బునీరు పూసెను. సైకిలు ట్యూబుకు చిల్లి వెదకినట్లే! ఒక సీలు చుట్టును బుడగలు లేచెను. దోషము తెలిసినది. సీళ్లు రెండును, పెట్రోలు గొట్టము, కార్బురేటరులోని బిరుసెక్కిన పలుచని పొర మార్చిన పిమ్మటనే క్రొత్త పిస్టను లోపలికి పోయెను. జ్వరమునకు కారణమడుగక మందు మార్చుట యెట్టిదో, కారణమడుగక సామాను మార్చుటయు నట్టిదే.

మిషను పలికిననాడు మా మరిది సంతోషమునకు మేరలేదు. "వదినా, గొలుసు ఎక్కించి రేపే తోటకు పోతాను" అనెను. అప్పుడు మా చెల్లెలు గుమ్మమునుండి, "గొలుసు నా ట్రంకుపెట్టెలో ఉంది. బ్రేకు వచ్చిన రోజున ఇస్తాను" అని మెల్లగా పలికెను.

సంగతి యేమనగా, ఆ మిషనుకు బ్రేకు లేదు. బ్రేకు పట్టీ తెగినప్పుడు పాత యజమాని దానిని ఊడదీసి పారవేసియుండెను. ముందు చేతికవచము వట్టి అలంకారమై నిలిచియున్నది. "వాళ్లు ఇన్నేళ్లు అలాగే కోశారు కదా" యని మరిది వాదము. కాని వారి వీధి చివరి యింటి కుర్రవానికి అంతకు ముందు మాసముననే మిషను యెగిరి భుజమున తగిలి కుట్లుపడియుండెను. చెల్లెలు ఆ యింటికి గంజి మోసికొనిపోయి కన్నులార చూచివచ్చినది.

అట్లు యెగురుట కారణములేనిది కాదు. పలక కొన పైభాగము కట్టెకు తగిలినప్పుడు, పరుగిడు గొలుసు పట్టుకొని పలకను మనిషి వైపునకే విసరివేయును. గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగమున పోవుచుండును. మనిషి తప్పుకొనుటకు వ్యవధి యెక్కడిది? ఆ క్షణమున కవచము ముందుకు వంగినచో, ఉక్కుపట్టీ క్లచ్చి డోలును బిగించి, రెప్పపాటులో గొలుసును నిలుపవలెను. బ్రేకు లేని మిషను పాతదికాదు, అసంపూర్ణము.

పట్టీయు, స్ప్రింగును విశాఖపట్టణమునుండి వచ్చుటకు ఎనిమిది దినములు పట్టెను. ఎనిమిది దినముల కూలి పోయెనని ఇంట గొణుగుడు వినవచ్చినను చెల్లెలు చలింపలేదు. తొమ్మిదవనాడు తానే గొలుసు తెచ్చి యిచ్చెను. మిషనును నేలపై అదిమిపట్టి, గొలుసు తిరుగుచుండగా కవచమును ముందుకు త్రోసిరి. గొలుసు టక్కున నిలిచెను. మా మరిది మాటాడక మరల రెండుసార్లు చేసి చూచుకొనెను. అటుపిమ్మట ఆ యింట గొణుగుడు లేదు.

సోదరీమణులారా! ఇట్టి మిషను ఇంటనున్నవారు కొన్ని సంగతులు గుర్తుంచుకొనుడు. పెట్రోలులో రెండు స్ట్రోకుల ఇంజను నూనెనే, తయారుచేసినవారు చెప్పిన పాలున కలుపవలెను. 50కి 1 పాలు చెప్పినచో లీటరుకు 20 మిల్లీలీటర్లు. కలిపినదానిని త్రాగునీటి సీసాలోగాని షర్బతు సీసాలోగాని యెన్నడును పోయరాదు, పిల్లలు నీరనుకొందురు. వంటింటికి దూరముగా, పేరు వ్రాసి, ఎత్తున ఉంచుడు. నేటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చును, పాత రబ్బరును చెరచును. కావున పని లేని నెలలలో టాంకీ ఖాళీచేసి యుంచుడు.

గొలుసుకు పదును పెట్టుట మనచేతి పనియే. మందపాటి తోలు చేతితొడుగు వేసికొని, గొలుసుకు సరిపడు గుండ్రని ఆకురాయితో, ప్రతి పంటిని ఒకే వాలున, లోపలినుండి వెలుపలికి సమముగా రాయవలెను. పదునున్న గొలుసు కట్టెను పెచ్చులుగా రాల్చును, మొద్దుబారినది పిండిగా రాల్చును. తోటనుండి వచ్చిన బట్టలలో పిండియే కనబడినచో, మరునాడు మిషను బయలుదేరకముందు ఆకురాయి వెదకుడు.

చివరగా, బాగుచేసిన మిషను గడపదాటునప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. బ్రేకు పట్టుచున్నదా? మీట వదలగనే గొలుసు నిలుచుచున్నదా? గొలుసు తెగినచో పట్టుకొను కొక్కెము క్రింద నున్నదా? మూడింటికిని అవునని జవాబు వచ్చినచో సంతోషముగా సాగనంపుడు. రానిచో, గొలుసు దాచుటకు మీ యింటను ఒక ట్రంకుపెట్టె ఉండియే యుండును.