నిదానమే ప్రధానం

జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకుని బ్రతికిన తెలుగు పండితుడికి కారు ఇంజనుతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చును. పని లేదనే నేనూ అనుకునేవాణ్ణి. కిందటి వేసవిలో దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కుతుండగా మా పాత కారు బోనెట్టు సందుల్లోంచి ఆవిరి చిమ్మినప్పుడు ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

ఆకులు రాల్చిన అడవి. నీడ కూడా కరువే. పక్కన రక్తపోటు మాత్రలు వేసుకునే మా ఇల్లాలు. శ్రీశైలం ఇంకా చాలా దూరం. చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటరు మూత తిప్పబోతున్నాను. ఎదురుగా వస్తున్న బస్సు ఆపి డ్రైవరు కేక వేశాడు. “పెద్దాయనా, ఆ మూత ముట్టుకోవద్దు. మొహం కాలిపోద్ది!”

ఆ కేక విలువ నాకు తరువాత తెలిసింది. ఆ మూత లోపలి నీటిని ఇంచుమించు మరొక వాతావరణ పీడనమంత ఒత్తిడిలో బిగించి ఉంచుతుంది. అందుచేత 100 డిగ్రీల దగ్గర మరగవలసిన నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. వేడిమీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. నీరు ఆ క్షణంలోనే మరిగి, ఆవిరితో కలిసి మీదికి ఎగజిమ్ముతుంది. గంటన్నర కూర్చుని, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత తాగే నీళ్ళే పోసి, దిగుడు దారిన మెల్లగా వెనక్కు వచ్చాము. ఆ ఏటికి మల్లన్న దర్శనం ప్రాప్తం లేకపోయింది. మా ఇల్లాలు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంతకూ ఆ కారు వైద్యం లేక చెడలేదు. అప్పటికే మూడు వైద్యాలు పొందింది. వేడెక్కుతున్నదంటే మొదటి మెకానిక్కు రేడియేటరు మూత మార్చాడు. రెండవవాడు ఫ్యాను మోటారు మార్చాడు. మూడవవాడు “మన ఎండలకు ఇది దండగ సార్” అంటూ థర్మోస్టాట్ అనే భాగాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. నేను తల ఊపి, ముగ్గురికీ డబ్బులిచ్చి వచ్చాను. ముగ్గురిలో ఎవరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

మన భాషలో ‘నిదానం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి తొందరపడకపోవడం. రెండవది రోగానికి మూలకారణం, దానిని కనుగొనడం. ఆయుర్వేదంలో మాధవనిదానమనే ప్రసిద్ధ గ్రంథం ఉన్నది. అది చికిత్స చెప్పదు. రోగాన్ని గుర్తించే పద్ధతి మాత్రమే చెబుతుంది. మందు ప్రసక్తి లేకుండా రోగనిర్ణయానికే ఒక గ్రంథాన్ని కేటాయించారంటే మన పెద్దలు ఆ పనికి ఎంత విలువ ఇచ్చారో ఊహించవచ్చును. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని రోగాన్ని తెలుసుకోవడానికి అయిదు మార్గాలు. మూలకారణం, ముందుగా పొడసూపే సూచన, బయటపడ్డ లక్షణం, దేనివల్ల ఉపశమిస్తున్నదో చేసి చూడడం, రోగం ముదిరిన క్రమం. ఇంజను వేడెక్కడమనేది ఈ అయిదింటిలో ఒక్క ‘రూపం’ మాత్రమే. జ్వరం వంటిది. జ్వరానికి తడిగుడ్డ వేయవచ్చును గాని, తడిగుడ్డ నిదానం కాదు.

ఈ అయిదు మార్గాలనూ నాకు కారు మీద చూపించినవాడు నాలుగవ మెకానిక్కు. ముప్పై ఏళ్ళు దాటని యువకుడు. బోనెట్టు ఎత్తకముందే అడిగాడు. “ఎప్పుడు వేడెక్కుతోంది మాష్టారూ? ట్రాఫిక్‌లో ఆగినప్పుడా, రోడ్డెక్కి పరుగెత్తేటప్పుడా?”

ఇంత చిన్న ప్రశ్నలో ఎంత తర్కం ఉన్నదో చూడండి. కారు నిలబడి ఉన్నప్పుడు రేడియేటరుకు గాలి తగిలించేది ఫ్యాను ఒక్కటే. పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగినప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడితే ఫ్యానునూ, దాని ఫ్యూజునూ, రిలేనూ ముందుగా అనుమానించాలి. ఊళ్ళో కుదురుగా ఉండి హైవే మీదనో ఘాటు మీదనో వేడెక్కితే ఫ్యాను చాలావరకు నిర్దోషి; నీరు తక్కువగా ఉండడమో, పంపు బలహీనపడడమో, రేడియేటరు పూడిపోవడమో కారణం కావాలి. మాది రెండవ రకం. అంటే రెండవ మెకానిక్కు మార్చిన ఫ్యాను మోటారు ఏ పాపమూ ఎరుగదు.

“హీటర్ పెట్టి చూశారా? ముల్లు ఏమైనా దిగిందా?” ఇది ఉపశయం. హీటరు ఇంజను వేడిలో కొంత లాగి కారు లోపలికి వదులుతుంది. మే నెలలో అది నరకమే గాని, అత్యవసరంలో ఇంజనుకు ప్రాణదానం. ఇంజను కాగిపోతున్నా హీటరు చల్లగాలే ఇస్తున్నదంటే నీరు తిరగడం లేదని గ్రహించాలి.

“నీళ్ళు తరుగుతున్నాయా? పొగ తెల్లగా వస్తోందా? ఆయిల్ మజ్జిగలా ఉందా?” ఈ మూడూ హెడ్ గ్యాస్కెట్ కాలిపోయిందేమోనని తెలుసుకోవడానికి. కాలిపోతే నీరు సిలిండరులోకీ, నూనెలోకీ చేరవచ్చును. మాకు ఆ లక్షణాలు లేవు.

తరువాత, ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి, స్టార్టు చేసి, కొంచెం వేగం పెంచమన్నాడు. నీరు కిందికి దిగవలసింది పోయి మూతిదాకా పొంగి పొర్లింది. “పంపు తోస్తోంది. రేడియేటర్ దింపడం లేదు.” అంతే. అన్వయవ్యతిరేకాలు నేను పుస్తకంలో చదివాను. అతడు బోనెట్టు కింద చేసి చూపించాడు.

ఆపైన లోపలికి టార్చి వేసి చూసి, మెల్లగా అడిగాడు. “ఏ నీళ్ళు పోస్తారు మాష్టారూ?”

బోరు నీళ్ళు. ఆరేళ్ళుగా, కూలెంటు డబ్బా కొనడం దుబారా అని, ప్రతి నెలా ఒక చెంబు. మా ఊరి నీటికి వేణ్ణీళ్ళ గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టడం రోజూ చూస్తున్నవాణ్ణే. అదే పెచ్చు రేడియేటరు సన్నని గొట్టాల్లోనూ కడుతుందని తోచలేదు. మూడు వైద్యాలనూ తప్పు పట్టిన నేనే రోగానికి నిదానం.

రేడియేటరు మార్చాము. ఊడదీసిన థర్మోస్టాట్ స్థానంలో క్రొత్తది పెట్టించాము. మన ఎండలకు అది అక్కరలేదనే మాట గ్యారేజీల్లో తరచు వినబడుతుంది. అది పొరపాటు. అందులో ఒక మైనపు గుళిక ఉంటుంది. చాలా కార్లలో 82 మొదలు 90 డిగ్రీల మధ్య అది కరిగి వ్యాకోచించి దారి తెరుస్తుంది. ఇంజను త్వరగా తగిన వేడికి రావడానికీ, ఆ వేడి వద్ద నిలవడానికీ అది కాపలాదారు. తీసివేస్తే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో పక్కదారి మూసే పని కూడా దానిదే. అటువంటివాటిలో దానిని తీసేస్తే నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారి పట్టి, వేడి ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి పోస్తున్నాము.

ఇక నేను చెప్పదలచుకున్న మాట. ముందటి ముగ్గురినీ మోసగాళ్ళనడం నాకు ఇష్టం లేదు. వారిని అలా తయారుచేసింది మనమే. భాగం మారిస్తే దాని ధర ఇస్తాము, బిగించిన కూలి ఇస్తాము. గంటసేపు ప్రశ్నలడిగి, చెయ్యి పెట్టి చూసి, “ఈ క్లిప్పు వదులైంది, బిగించాను” అంటే మాత్రం యాభై రూపాయలిచ్చి, అదీ ఎక్కువేనని గొణుగుతాము. ఆలోచనకు కూలి లేని చోట ఆలోచించేవాడు ఎంతకాలం నిలుస్తాడు? భాగాలు మార్చడమే వృత్తి అవుతుంది.

ఈ దోషం గ్యారేజీలకే పరిమితం కాదు. ‘కళ్ళు’ అని వ్రాయమంటే ‘కల్లు’ అని వ్రాసిన పిల్లల చేత నేను ఎన్నిసార్లు వందేసి సార్లు వ్రాయించానో లెక్క లేదు. తప్పు చేతిలో ఉన్నదనుకున్నాను. వారి ఇళ్ళలో ళకారం పలికేవారే లేరనీ, వినని అక్షరాన్ని చెయ్యి ఎలా గుర్తుపెట్టుకుంటుందనీ ఆలోచించలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని పది రోజులు పలికించి ఉంటే సరిపోయేది. అందుకు నిదానం కావాలి, రెండర్థాల్లోనూ. నేనూ ఫ్యాను మోటార్లు మార్చినవాణ్ణే.

బిల్లు చేతికిచ్చినప్పుడు అందులో రేడియేటరు ఉన్నది, థర్మోస్టాట్ ఉన్నది, కూలెంటు ఉన్నది, బిగించిన కూలి ఉన్నది. “చూసినందుకు ఏదయ్యా?” అన్నాను. “దానికేముంది మాష్టారూ” అని నవ్వాడు. కలం తీసుకుని ‘పరీక్షించినందుకు రూ. 500’ అని నేనే వ్రాసి, కూడిక సరిచేసి ఇచ్చాను. పద్దు చివర అంకె మారింది చూసి మా ఇల్లాలు ఏమైనా అంటుందనుకున్నాను. “ఘాటు మీద కేకేసిన ఆ బస్సు డ్రైవరుకు ఏమిచ్చారు?” అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.