వాడికింకా బుద్ధి రాలేదా?

మొన్న వేట నిషేధం రోజుల్లో మైపాడు వెళ్ళాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, తూర్పు తీరంలో మరపడవలు వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. ఆడవాళ్ళకి అలాంటి విరామం ఏదీ ఉన్నట్టు కనపడలేదు. ఒక పందిట్లో పదేళ్ళ పిల్లాడు సెల్‌ఫోన్‌లో 'అమృతం' పాత ఎపిసోడ్ చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు. పక్కనే ఎండు నెత్తళ్ళు ఏరుతున్న వాళ్ళ అమ్మమ్మ ఒకసారి వంగి ఫోన్‌లోకి చూసింది.

"ఇదింకా వస్తా ఉండాదా! మా పెద్దపిల్ల పలక పట్టుకుని బడికి పోయేటప్పుడు చూసినాం అమ్మా. ఇప్పుడు దాని కొడుకు చూస్తా ఉండాడు. వీడికింకా బుద్ధి రాలేదా?" అని మళ్ళీ నెత్తళ్ళలో పడిపోయింది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. టీవీ కామెడీల మీద మనం రాసినప్పుడల్లా అశ్లీలం గురించే రాశాం. ద్వంద్వార్థాలు, దుస్తులు, కెమెరా ఎటు తిరిగింది - ఇవే. అవి ఎంతకాలంగా సాగుతున్నాయి, అలా సాగడానికి ఎవర్ని వాడుకుంటున్నాయి అని పెద్దగా అడగలేదు.

'అమృతం' నాకు ఇష్టం. ముందే చెప్పేస్తే మంచిది. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీలో 313 ఎపిసోడ్లు వచ్చింది. బూతు లేదు, ఏడుపు లేదు. అత్తాకోడళ్ళు ఒకరికొకరు విషం పెట్టుకునే సీరియళ్ళ మధ్య అది నిజంగానే ఊపిరి తీసుకునే అరగంట. అయితే దాని నిర్మాణం చూడండి. అమృతరావు, ఆంజనేయులు ప్రతివారం ఒక తెలివితక్కువ పథకం వేస్తారు. సంజీవని, శాంత వద్దంటారు. వీళ్ళు వినరు. హోటల్ మునుగుతుంది, పరువు పోతుంది. మళ్ళీ వారానికి అందరూ మొదటికొస్తారు. ఈ రకం కామెడీకి ఒకే ఒక షరతు: మగవాడు ఏమీ నేర్చుకోకూడదు. నేర్చుకున్న రోజున కథ అయిపోతుంది. కాబట్టి కథ సాగాలంటే భార్య చెప్పిందే చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ అది వృథా పోవాలి.

మొదటి ఏడాది ఇది హాస్యమే. ఎందుకంటే ఎప్పటికైనా వాడికి తెలిసొస్తుందన్న ఆశ చూసేవాళ్ళకి ఉంటుంది. ఆరో ఏడాదికి ఆ ఆశ పోతుంది. అప్పుడు మనం చూస్తున్నది భర్త అమాయకత్వాన్ని కాదు, ఆవిడ ఓపికని. అమృతం వేషం శివాజీరాజా నుంచి నరేష్‌కీ, ఆయన్నుంచి హర్షవర్ధన్‌కీ మారితే జనం చర్చించుకున్నారు. ఎవరు బాగున్నారని ఇప్పటికీ వాదించుకుంటారు. సంజీవని వేషంలోనూ నటీమణులు మారారు. ఎంతమంది మారారో, ఎప్పుడు మారారో చెప్పమని మీ ఇంట్లో అడిగి చూడండి. భార్య అన్నది ఒక మనిషి కాదు, ఒక స్థానం. అందులో ఎవరు కూర్చున్నా గడుస్తుంది.

అంతటితో ఆగారా? 2014లో 'చందమామలో అమృతం' అని సినిమా తీసి హోటల్‌ని ఏకంగా చంద్రుడి మీదికి తీసుకెళ్ళారు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు 2018లోనే పోయారు, ఆ స్థానంలో ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. మనిషి పోయినా కథ పోకూడదన్నమాట!

హోటల్ మీదే ఇంగ్లండులో 'ఫాల్టీ టవర్స్' అని ఒక కామెడీ ఉంది. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లు. టీవీలో అంతే. దాన్ని జాన్ క్లీస్‌తో కలిసి రాసింది కానీ బూత్ అనే స్త్రీ, అందులో హోటల్ పనంతా చక్కబెట్టే పాలీ వేషం కూడా ఆవిడే వేసింది. ఎక్కడ ఆపాలో తెలియడానికీ, రాసే చోట ఆడమనిషి ఉండడానికీ సంబంధం ఉందని నేను రుజువు చెయ్యలేను. కానీ భానుమతి 'అత్తగారి కథలు', సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కతలు' చదివినప్పుడు మాత్రం ఆ అనుమానం బలపడుతుంది. నవ్వించి, పని అయిపోగానే లేచి వెళ్ళిపోతారు వాళ్ళు.

ఇక 'జబర్దస్త్'. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైంది. 2014లో 'ఎక్స్‌ట్రా' చేరింది. ఆ తర్వాత ఇంకో ఛానల్లో 'అదిరింది', మరో ఛానల్లో 'కామెడీ స్టార్స్', ఆదివారాలు 'శ్రీదేవి డ్రామా కంపెనీ'. 'అమృతం'లో కనీసం ఒక కథ ఉంది, ఆపదలుచుకుంటే ఆగే చోటు ఉంది. ఇక్కడ కథే లేదు గనక ముగింపు అన్న మాటే లేదు. ప్రతి స్కిట్టూ కొత్తది, ప్రతి స్కిట్టూ పాతదే. ఏమీ తోచనప్పుడు భార్యాభర్తల స్కిట్. భార్య లావు, భార్య నలుపు, భార్య నోరు, భార్య పుట్టింటివాళ్ళు. చీర కట్టిన మగవాడు ఆ వేషం వేస్తాడు గనక చెంపదెబ్బ కూడా నవ్వుగానే చెల్లుతుంది. స్థానం నరసింహారావు సత్యభామ వేసినప్పుడు చూసినవాళ్ళు ఆ నడకకి, ఆ అలకకి ముగ్ధులయ్యారని చెప్తారు. మగవాడు ఆడవేషం కట్టడం తప్పని నేననను. ఏం చెయ్యడానికి కట్టాడన్నదే నా గొడవ. జడ్జీలు మారారు. నాగబాబు 2019లో వెళ్ళిపోయారు. 2022లో మంత్రి అయ్యాక రోజా వెళ్ళిపోయారు. స్కిట్‌లో భార్య మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ జనం కోపమంతా యాంకర్ల గౌన్ల మీద ఖర్చయింది, స్కిట్లు రాసే చేతుల దాకా రాలేదు.

దీనికి నాకు ఎప్పుడూ ఎదురయ్యే జవాబు ఒకటుంది. "రోజంతా చాకిరీ చేసి వచ్చిన ఆడవాళ్ళు ఓ గంట నవ్వుకుంటే మీకేం నొప్పి?" నొప్పి లేదు. ఆ కార్యక్రమాలు ఎంతోమంది పేద కళాకారులకి అన్నం పెట్టాయని కూడా తెలుసు. ఆడవేషాలు వేసి అవమానాలు పడ్డవాళ్ళు అందులో ఉన్నారు. కానీ 'ఆడవాళ్ళు నవ్వుతున్నారు కదా' అనేవాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూశారా? మైపాడులో పిల్లాడు నవ్వాడు. అమ్మమ్మ లెక్క వేసింది.

నెల్లూరు జిల్లా ఆడవాళ్ళకి లెక్కలు కొత్త కాదు. తాగుబోతు మొగుడు తెలుగువాళ్ళకి ఎప్పటినుంచో హాస్యపాత్రే. వీధిలో తూలుతూ వస్తాడు, పాటలు పాడతాడు, పెళ్ళాం చీపురు తీస్తుంది, అందరూ నవ్వుతారు. 1992లో దూబగుంటలో, రాత్రి బడిలో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్ళు ఆ పాత్రని అక్కడితో ఆపేశారు. సారా దుకాణం మూయించారు, వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. అదే ఏడాది వచ్చిన 'మా నాన్నకి పెళ్ళి'లో తాగుబోతుగా ఎం.ఎస్. నారాయణ నంది అందుకున్నారు. ఆయన గొప్ప నటుడు, కాదనను. ఆ తర్వాత మాత్రం సినిమా మీద సినిమాలో ఆయన చేత సీసా దించనివ్వలేదు. ఆడవాళ్ళు ముగించిన కథని తెర మళ్ళీ మొదలుపెట్టింది. అప్పుడు మనలో ఎవరైనా గట్టిగా అడిగామా? నేనైతే హాల్లో కూర్చుని నవ్వాను.

ఇన్ని సీజన్లు తీసేవాళ్ళు ఒక్క ఎపిసోడ్ ఇంకా తియ్యలేదు. సంజీవని, శాంత హోటల్ తాళంచెవి తీసుకుని, ఆ ఇద్దర్నీ కౌంటర్ అవతల నిలబెట్టే ఎపిసోడ్. అమృతరావు మొదటిసారి మాట వింటాడు, లేకపోతే వినడు. ఏదైనా సరే, ఆ తర్వాత 'వచ్చేవారం' అని తెర మీద పడకూడదు. మన రచయిత్రుల్లో ఎవరైనా రాస్తారా? రాస్తే ఫోన్‌లో వేసుకుని మైపాడు పట్టుకెళ్తాను. నెత్తళ్ళు ఏరడం ఓ పావుగంట ఆపి చూస్తారేమో అడుగుతాను.