పరికరం ఎవరి ఒంటి మీద?

మన రెండు రాష్ట్రాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రాజెక్టు ప్రదర్శన జరిగిందంటే ‘మహిళా భద్రత’ పేరుతో ఒక్క బల్లయినా ఉండటం మామూలైపోయింది. అరచేతిలో పట్టే ఆర్డుయినో బోర్డు, సిమ్ కార్డు పెట్టుకునే మాడ్యూల్, జి.పి.ఎస్., ఒక మీట. మీట నొక్కితే అమ్మాయి ఎక్కడుందో ఇంట్లోవాళ్ళ ఫోనుకి మెసేజి పోతుంది. ఈ సరంజామానంతా గాజులోనో, లాకెట్లోనో, చెప్పులోనో అమరుస్తారు. మహిళా సంఘాల్లో పనిచేసేవాళ్ళం కాబట్టి మనల్ని అతిథులుగా పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమంటారు, బహుమతులు ఇప్పిస్తారు. ఆ పిల్లల శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ బల్లల ముందు నిలబడినప్పుడల్లా నన్నొక ప్రశ్న వేధిస్తోంది. హింస చేసేవాడు ఒకడైతే పరికరం మొయ్యాల్సింది ఇంకొకరా?

ఈ చదువుకి ఒక చరిత్ర ఉంది. కంప్యూటర్ని తెరకీ కీబోర్డుకీ పరిమితం చెయ్యకుండా, మనిషి కదలికనీ స్పర్శనీ గొంతునీ సెన్సర్లతో గ్రహించి వెలుతురుగానో శబ్దంగానో స్పందించేలా మలచడాన్ని ఫిజికల్ కంప్యూటింగ్ అంటున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా అందులో భాగమైతేనే పూర్తయ్యే కళని ఇంటరాక్టివ్ మీడియా ఆర్ట్ అంటున్నారు. ఈ రెంటికీ పేరుపడ్డ కోర్సు న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైంది. దాన్ని దశాబ్దాలపాటు నిలబెట్టిన రెడ్ బర్న్స్ ఒక స్త్రీ. ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఎర్నాండో బరగాన్ అనే విద్యార్థి, కళాకారులు కూడా సులువుగా వాడుకునేలా ‘వైరింగ్’ అనే బోర్డుని 2003లో తన మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలుపెట్టాడు. 2005లో అక్కడే దాని మీద ఆధారపడి ఆర్డుయినో తయారైంది. ధర తక్కువ, డిజైను అందరికీ బహిరంగం కావడంతో అది మన కళాశాలల దాకా వచ్చింది. అంటే ఈ పనిముట్టు పుట్టిందే ఒక విద్యార్థి ప్రాజెక్టులోంచి. కాబట్టి విద్యార్థుల ప్రాజెక్టుల్ని మార్కుల కోసం చేసే బొమ్మలుగా కొట్టిపారెయ్యలేం. వాటి వెనుక ఉన్న ఆలోచనని మనం పట్టించుకోవాలి.

2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం దేశాన్ని కుదిపేశాక ఇలాంటి ప్రాజెక్టులు పెరిగాయి. 2013లో చెన్నైలోని ఎస్.ఆర్.ఎం. విశ్వవిద్యాలయ విద్యార్థులు మనీషా మోహన్, ఆమె సహచరులు, దాడి చేసినవాడికి విద్యుత్ షాక్ కొట్టే లోదుస్తుని తయారుచేశారు. అది పోలీసులకీ తల్లిదండ్రులకీ కబురు కూడా పంపుతుంది. తర్వాత అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో చదువుతూ మనీషా మోహన్ 2017లో ‘ఇంట్రెపిడ్’ అనే స్టిక్కరుని రూపొందించారు. బట్టలకి అంటించుకుంటే, వాటిని ఎవరైనా బలవంతంగా తొలగిస్తున్నప్పుడు అది గుర్తిస్తుంది. ముందు ఆమెనే అడుగుతుంది. జవాబు రాకపోతే గట్టిగా మోగుతుంది, ముందే ఎంచుకున్నవాళ్ళకి మెసేజి పంపుతుంది. స్పృహలో లేని స్త్రీకి, తిరగబడే శక్తి లేని స్త్రీకి కూడా పనికిరావాలన్న ఆలోచన అందులో ఉంది. ఒక యువతి కోపంలోంచి, ఆలోచనలోంచి వచ్చిన పని అది. దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే ఇలాంటి పరికరాలన్నీ ఏ నమ్మకం మీద నిలబడ్డాయో చూడాలి.

మొదటి నమ్మకం, హింస చేసేవాడు చీకట్లోంచి వచ్చే అపరిచితుడని. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెప్తూనే ఉంది. మన కౌన్సిలింగ్ కేంద్రాలకి వచ్చే స్త్రీలకి ఈ లెక్కలు ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త కొడుతున్నప్పుడు మీట నొక్కితే మెసేజి ఎవరికి పోతుంది? ఆ పరికరంలో ఎక్కించిన మొదటి నంబరు చాలాసార్లు అతనిదే!

రెండో నమ్మకం, ఇల్లు కాపాడుతుందని. పెద్దలు ఒప్పుకోని పెళ్ళి చేసుకుని పోతున్న అమ్మాయి లాకెట్లో జి.పి.ఎస్. ఉంటే అది రక్షణ అవుతుందా, సంకెల అవుతుందా? ఆమె ఎక్కడుందో నిమిష నిమిషం ఇంటికి చేరవేసే యంత్రాన్ని భద్రత అని పిలిచి మనమే చప్పట్లు కొడుతున్నాం.

మూడో నమ్మకం, పోలీసులకి తెలిస్తే చాలని. 2007 ఆగస్టులో వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు, గాలింపుకి వచ్చిన పోలీసులే తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023లో ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టింది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. ఆ స్త్రీలు ఏ మీట నొక్కితే ఎవరొచ్చేవాళ్ళు?

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వేరే ఉంది. మథుర కేసులో 1978లో సుప్రీం కోర్టు, ఆమె ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించిన గుర్తుల్లేవు అంటూ పోలీసుల్ని వదిలేసింది. దాని మీద దేశమంతటా స్త్రీలు పోరాడితే 1983లో చట్టం మారింది. ‘చున్నీ ఎందుకు వేసుకోలేదు’ అని అడిగిన సమాజమే రేపు ‘గాజు ఎందుకు వేసుకోలేదు, మీట ఎందుకు నొక్కలేదు’ అని అడగదా? ఒంటి మీద పరికరం మొయ్యడం ఆడవాళ్ళ బాధ్యత అయిపోయిన రోజున, నొక్కని మీట ఆమె సమ్మతికి సాక్ష్యంగా మారుతుంది. ప్రభుత్వాలకీ ఇది సుఖమైన దారి. 2017 నుంచి అమ్మే ప్రతి మొబైల్ ఫోనులో ప్యానిక్ బటన్ ఉండాలని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది. బటన్ పెట్టడం తేలిక. నొక్కాక వచ్చే మనిషిని, ఫిర్యాదు రాసుకునే స్టేషన్ని, విచారణ ముగించే కోర్టుని తయారుచెయ్యడం కష్టం.

అయితే ఇంకో దారి లేదా? ఉంది, అదీ ఒక విద్యార్థిని వేసిందే. బెంగుళూరులోని సృష్టి కళాశాలలో చదువుతున్న జస్మీన్ పథేజా వీధుల్లో జరిగే వేధింపుల మీద 2003లో ‘బ్లాంక్ నాయిస్’ అనే ప్రాజెక్టుని మొదలుపెట్టారు. చదువు అయిపోయినా అది ఆగలేదు. వేధింపుకి గురైనప్పుడు తాము వేసుకున్న బట్టల్ని తెచ్చి ఇమ్మని ఆమె స్త్రీలని అడిగారు. చీరలు, సల్వార్లు, స్కూలు యూనిఫారాలు వచ్చాయి. వాటిని నలుగురిలో ప్రదర్శించారు. ‘ఏ బట్టలు వేసుకున్నావు’ అన్న ప్రశ్నకి అంతకన్నా సూటి జవాబు నేనెక్కడా చూడలేదు. బెంగుళూరు ఎలహంకలో అమ్మాయిలు భయపడే ఒక సందులో బల్లలు, కుర్చీలు వేసి, ముక్కూ మొహం తెలియని ఆడామగా ఎదురెదురుగా కూచుని టీ తాగుతూ మాట్లాడుకునేలా చేశారు. పార్కుల్లో స్త్రీలు నిర్భయంగా పడుకుని నిద్రపోయే కార్యక్రమాలు జరిపారు. ఇందులో ఖరీదైన సెన్సర్లు లేవు. కానీ పాల్గొన్న మనిషి మారడమే కళ అనుకుంటే ఇంతకన్నా ఇంటరాక్టివ్ ఏముంటుంది? ఇక్కడ భారం స్త్రీ ఒంటి మీద లేదు. చూసేవాళ్ళ మీద, వీధి మీద ఉంది.

ఇంతకీ ఈ పనిముట్లు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది కూడా మన ప్రశ్నే. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న లియా బ్యూక్లీ, సూదీ దారంతో బట్ట మీద కుట్టుకోగల బోర్డుని రూపొందించారు. విద్యుత్తు ప్రవహించే దారమే దానికి తీగ. 2007లో అది ‘లిలీప్యాడ్’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2010లో ఆమె, బెంజమిన్ మాకో హిల్ కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు ఆర్డుయినోతో చేసి బయటపెట్టిన ప్రాజెక్టుల్లో స్త్రీలు చేసినవి 2 శాతం. లిలీప్యాడ్‌తో చేసినవాటిలో 65 శాతం! స్త్రీలకి సాంకేతికం అబ్బదన్న మాట ఎంత అబద్ధమో చూడండి. మనం ఎరిగిన పని నుంచి దారి వేస్తే మనం నడవగలం.

కానీ ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. అపోలో వ్యోమనౌకల కంప్యూటర్లలోని మెమరీని ఫ్యాక్టరీలో చేత్తో అల్లింది స్త్రీలే. చరిత్రలో వాళ్ళ పేర్లు వెతుక్కోవాలి. మన నరసాపురంలో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. ప్రపంచ మార్కెట్‌కి సరుకు పంపే ఆ స్త్రీలని పనివాళ్ళుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కకట్టిన తీరుని ఆమె బయటపెట్టారు. కుట్టుని ఎలక్ట్రానిక్స్‌లోకి తెస్తున్నవాళ్ళు కుట్టేవాళ్ళని కూడా తేవాలి. పాతబస్తీలో ముక్కల లెక్కన కార్చోబు పని చేసే అమ్మాయి కూడా సర్క్యూట్ కుట్టగలదు. ఆమె పేరు ప్రాజెక్టు రిపోర్టులో ఉండాలి, ఆమెకి కూలి కాదు, భాగం దక్కాలి.

అందుకని మనల్ని పిలిచే కళాశాలలకి వెళ్ళడం మానొద్దు. వెళ్దాం, అడుగుదాం. ఈ పరికరం ఎవరిని గమనిస్తోంది? ఆ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది? తయారుచేసేముందు ఎందరు స్త్రీలతో మాట్లాడారు? నైట్ షిఫ్టు నుంచి వచ్చే కార్మికురాలిని, హాస్టల్ అమ్మాయిని, బస్సు కండక్టరుని, ఇంటిపని చేసే ఆమెని అడిగారా? ఇదే సెన్సరుని ఆమె ఒంటి మీంచి తీసి వెలగని వీధి దీపానికి పెట్టలేరా? వేళకి రాని బస్సుకి, తాళం వేసి ఉంచిన ఆడపిల్లల మరుగుదొడ్డికి పెట్టి, ఆ లెక్క మునిసిపల్ ఆఫీసు గోడ మీద అందరికీ కనపడేలా చెయ్యలేరా?

ఇంకొకటి కూడా అడగాలి, ఈసారి యాజమాన్యాన్ని. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. విద్యాసంస్థలకి యు.జి.సి. 2015లో నియమాలు పెట్టింది. మీ కళాశాలలో అంతర్గత కమిటీ ఉందా? దాన్ని నియమించిన ఉత్తర్వు అందరికీ కనపడేచోట అంటించారా? అందులో విద్యార్థినులున్నారా? ఆ కాగితం గోడ మీద లేని కళాశాలలో, ఆడపిల్లల భద్రత మీద చేసిన ప్రాజెక్టుకి బహుమతి ఇచ్చేముందు మనం ఈ ప్రశ్నలు వేదిక మీదే వెయ్యాలి.

విద్యార్థుల తప్పేం లేదు. వాళ్ళకి సర్క్యూట్ నేర్పుతున్నారు గానీ సమాజం నేర్పడం లేదు. ఆ పని మనం చెయ్యగలం. ప్రతి జిల్లాలో మన సంఘాలు దగ్గర్లోని ఒక్క కళాశాలతోనైనా మాట్లాడి, ప్రాజెక్టు అంశాలు ఖాయమయ్యే నెలల్లోనే పిల్లల్ని మన కేంద్రాలకి పిలిపించుకోవాలని నా ప్రతిపాదన. వాళ్ళు రెండు రోజులు కూచుని స్త్రీలు చెప్పేది వినాలి. ఆ తర్వాత ఏం తయారుచెయ్యాలో ఆ స్త్రీలూ ఈ పిల్లలూ కలిసి తేల్చుకుంటారు. మీ ప్రాంతంలో ఇలాంటి ప్రయత్నం మొదలుపెడితే, ఎదురైన ఇబ్బందులతో సహా మాకు రాయండి. వచ్చే సంచికల్లో చర్చిద్దాం.